లస్కరు స్తంభం

కలకత్తా నగరంలోని వాట్‌గంజ్ పేరును మన సంస్థ కుటుంబ సభ్యులలో కొందరు విని ఉండరు. ఖిదిర్‌పూర్ రేవుకు పోయే బస్సులలో తిరిగినవారికి మాత్రం అది సుపరిచితం. రేవు, గిడ్డంగులు, ఓడ మరమ్మతు దుకాణాలు, నావికుల బసలు, వారి కోసం వెలసిన బజార్లు కలసి ఏర్పడిన పాత పేట అది. తెలుగువారికి ఆ పరిసరాలు బొత్తిగా పరాయివి కావు. పక్కనున్న గార్డెన్‌రీచ్‌లో నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే కేంద్ర కార్యాలయం ఉండేది. నేడది ఆగ్నేయ రైల్వేది. ఆ రైల్వే కొలువులలో చేరి, రేవు పనులలో కుదిరి మనవారు తరతరాలుగా ఆ చుట్టుపక్కల కాపురముంటున్నారు.

వాట్‌గంజ్‌కు ఆ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ అనే ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు వల్ల వచ్చింది. 18వ శతాబ్ది చివరి పాదంలో ఆయన అక్కడ ఓడల నిర్మాణం మొదలుపెట్టాడు. 1781లో ‘నాన్‌సచ్’ అనే ఓడ ఆయన రేవు నుండి నీటిలోకి దిగింది. గొప్ప గోదీలు తవ్వించాలని ఆయన పూనుకొన్నాడు గాని, భూమి విషయమై వ్యాజ్యం వచ్చి పని నిలిచిపోయింది, ఆయన సంపద చాలవరకు ఆ మట్టిలోనే కరిగిపోయింది. ఇంజనీరు వృత్తిలో ఉన్న మాకు ఆయనపట్ల కొంత సానుభూతి కలగడం సహజమే. అయినా ఒక పేట పేరులో ఆయన నిలిచిపోయాడు. ఈ నెల మేము ప్రస్తావించదలచినది అటువంటి అదృష్టం లేనివారిని గురించి.

వాట్‌గంజ్ నుండి ఆదిగంగ కాలువ దాటి హేస్టింగ్స్ వైపు వస్తే, నేపియర్ రోడ్డు చెంత, 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువుకు సమీపంలో, సుమారు నూరడుగుల ఎత్తున ఒక నలుపలకల కట్టడం కనిపిస్తుంది. నాలుగు ముఖాల నుండీ ప్రాచీన కాలపు నావల ముక్కులు ముందుకు పొడుచుకొని వచ్చినట్లు మలిచారు. వాటి కింద అలల వంటి గీతలు, పైన చిన్న చిన్న వసారాలు, చూరులు, మూలలకు బురుజులు, నడుమ బంగారు పూత పూసిన గుమ్మటం. విలియం ఇంగ్రం కీర్ రూపకల్పన చేశాడు. 1924 ఫిబ్రవరి 6వ తేదీన నాటి బెంగాల్ గవర్నరు లార్డ్ లిట్టన్ ఆవిష్కరించాడు. వ్యయం భరించినవి కలకత్తాలోని ఓడల కంపెనీలు, వర్తక సంస్థలు. 1914-18 మహాయుద్ధంలో బ్రిటిష్ ఓడలపై పనిచేస్తూ మరణించిన బెంగాల్, అస్సాం, ఉత్తర హిందూస్థాన ప్రాంతాల నావికులు 896 మంది స్మృతి చిహ్నం అది. జనం దానిని లస్కరు స్తంభమనే అంటారు.

‘లస్కరు’ అనగానే మన గోదావరి, కృష్ణా డెల్టా పాఠకులకు ఓడ స్ఫురించదు. కాలువ గట్టున, లాకుల దగ్గర, తలుపులెత్తుతూ దించుతూ కనిపించే నీటిపారుదల శాఖ ఉద్యోగి స్ఫురిస్తాడు. మాట ఒక్కటే. సైన్యమని అర్థమిచ్చే పారశీక శబ్దం నుండి అది పుట్టింది. సైన్యాన్ని చెప్పిన మాట క్రమంగా దిగివచ్చి ఓడ కూలీకి పేరయింది, మన దగ్గర కాలువ నౌకరుకు పేరయింది. సరంగు, కళాసీ అనే మాటలు కూడా ఆ ఓడల లోకం నుండి మనకు వచ్చి స్థిరపడినవే. యుద్ధంలో చనిపోయిన ఈ మనుషులను సైనికులని ఎవరూ అనలేదు గాని, వారిని పిలిచిన పేరు మాత్రం సైన్యం నుండి వచ్చినదే!

1914 నాటికి బ్రిటిష్ వర్తక నౌకలపై పనిచేసే లస్కర్లు యాభై వేలకు పైబడి ఉండేవారు. పైతట్టు పనివారు, వంటవారు, వడ్డించేవారు, యంత్రశాలలో బొగ్గు వేసేవారు అని వారిలో విభాగాలుండేవి. యంత్రశాల పనికి సిల్హెట్ ప్రాంతపువారు హెచ్చుగా చేరేవారు. నౌఖాలి, చిట్టగాంగ్ జిల్లాల పల్లెల నుండి వచ్చిన యువకులు సరంగు ద్వారా పని దొరికేదాకా ఖిదిర్‌పూర్ బసలలో అప్పు మీద తిని పడుకొనేవారు. అదే ఓడ మీద అదే పనికి తెల్ల నావికునికి ముట్టే జీతంలో వారికి దక్కేది నాలుగో వంతు ప్రాంతం. ఒక్కొక్క చోట ఇంకా తక్కువ.

మన సంస్థలో బాయిలర్ల వద్ద పనిచేసిన మిత్రులకు ఈ చిన్న లెక్క ఆసక్తి కలిగించవచ్చు. రోజుకు 40 టన్నుల బొగ్గు తినే ఒక మధ్యతరగతి ఆవిరి ఓడ అనుకొందాము. నాలుగు గంటలకొక వంతు చొప్పున దినానికి ఆరు వంతులు. వంతుకు ఆరున్నర టన్నులు పైచిలుకు. కొలిమి ముందు ముగ్గురు నిలబడితే ఒక్కొక్కడు పారతో ఎత్తి వేయవలసినది రెండు టన్నులకు మించి. రోజుకు రెండు వంతులు కనుక నాలుగు టన్నులు దాటుతుంది. ఇది బూడిద లాగడం, చిట్టెం పగలగొట్టడం, కొట్ల నుండి బొగ్గు మోసి తేవడం కలపకుండా వేసిన లెక్క. ఎర్ర సముద్రంలో ఆ గది వేడి 50 డిగ్రీలు దాటేది. హిందూస్థానీయుల శరీరతత్త్వం వేడికి సరిపడినదని కంపెనీలు చెప్పుకొనేవి. బాయిలరు ముందు అరగంట నిలిచిన వారెవరూ ఈ సిద్ధాంతాన్ని అంగీకరించరని మా నమ్మకం.

మేము ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో మా బాయిలరు విభాగంలో నౌకాదళం నుండి విశ్రమించి వచ్చిన ఫోర్‌మన్ ఒకరుండేవారు. కొత్తవారికి ఆయన నేర్పే మొదటి పాఠం ఆవిరి పట్టికలు కావు. “మెట్లు ఎన్ని ఉన్నాయో కళ్ళు మూసుకొని చెప్పగలవా బాబూ?” అని అడిగేవారు. యంత్రశాల ఓడకు నడిబొడ్డున, నీటిమట్టానికి దిగువన ఉంటుంది. టార్పెడో గురి చూసి కొట్టేది సాధారణంగా అక్కడే. దీపాలు ఆరిపోయి, ఆవిరి గొట్టాలు పగిలి, నీరు లోపలికి ఉరికే సమయంలో ఇనుప నిచ్చెన మెట్లు లెక్క తెలిసినవాడే పైకి రాగలడని ఆయన వివరించేవారు. 1917 ఫిబ్రవరిలో జర్మనీ కనిపించిన ఓడనల్లా ముంచివేసే విధానం అమలులో పెట్టిన తరువాత యంత్రశాలలో పనిచేసినవారి స్థితి ఏమిటో ఆయన మాటలను బట్టి ఊహించుకోవచ్చును. చేతిలో ఆయుధం లేదు, ఎదుట శత్రువు కనిపించడు, పైనేమి జరుగుతున్నదో తెలియదు. పార మాత్రం ఆపకూడదు.

ఆ యుద్ధంలో మరణించిన భారతీయ వర్తక నావికులు 3,427 మంది అని ఒక లెక్క చరిత్ర గ్రంథాలలో కనిపిస్తుంది. లస్కరు స్తంభం చెప్పేది 896. బొంబాయిలోని నావికుల వసతి గృహంలో ఉన్న 1914-18 స్మారకం రాయల్ ఇండియన్ మెరైన్ వారిని, వర్తక నావికులను కలిపి రెండు వేల పైచిలుకు మందిని స్మరిస్తుంది. ఈ మూడింటి పరిధులు వేరు కనుక సంఖ్యలు కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే స్టోర్సు లెడ్జరులో ఇంత తేడా వస్తే మనం ఊరుకోము!

లండనులో టవర్ హిల్ అనే చోట వర్తక నావికుల స్మారకమొకటి ఉన్నది. సర్ ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేయగా 1928లో ఆవిష్కరించారు. మొదటి యుద్ధంలో సముద్రమే సమాధి అయిన దాదాపు 12 వేల మంది పేర్లు కంచు ఫలకాలపై ఓడవారీగా చెక్కి ఉన్నాయి. భారతీయ నావికులను అక్కడ చేర్చక, బొంబాయి స్మారకానికి అప్పగించారు. అనగా ఒకే ఓడ, ఒకే టార్పెడో, ఒకే నీరు. కెప్టెను పేరు లండనులో ఓడ పేరు కింద ఉంటుంది, అతని కాళ్ళ కింద బొగ్గు వేసినవాని స్మృతి వేరొక ఖండంలో ఉంటుంది. అదే లుట్యెన్స్ ఢిల్లీలో ఇండియా గేటును కూడా నిర్మించాడు. 1921లో శంకుస్థాపన జరిగి 1931లో పూర్తయిన ఆ ద్వారంపై 13 వేలకు పైగా పేర్లున్నాయి. అవి సైనికులవి.

యుద్ధ సమాధుల కమిషన్ 1917లో ఏర్పడినప్పుడు ఒక గొప్ప నియమం పెట్టుకొన్నది. హోదా, జాతి, మతం చూడకుండా చనిపోయిన ప్రతివానినీ సమానంగా స్మరించాలన్నదే అది. పశ్చిమ ఐరోపాలో ఆ నియమాన్ని చక్కగా పాటించింది కూడా. ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్ వద్ద 1927లో ఆవిష్కరించిన స్మారకంపై నాలుగు వేల ఏడు వందల మందికి మించిన భారత సైనికుల పేర్లు చూడవచ్చు. ఐరోపా దాటిన తరువాత ఆ నియమం సడలిపోయింది. ఈ మాట మేము చెప్పడం కాదు, 2021లో ఆ కమిషనే వేసిన విచారణ సంఘం చెప్పింది. భారతీయులు, ఆఫ్రికా, ఈజిప్టు దేశీయులు ముఖ్యంగా ఉన్న 45 వేల నుండి 54 వేల మందిని అసమానంగా స్మరించారనీ, కనీసం మరో 1,16,000 మందిని పేరుతో గాని, అసలే గాని స్మరించలేదనీ ఆ సంఘం తేల్చింది. శత సంవత్సరాల తరువాత తన పాత లెడ్జరును తానే తనిఖీ చేసి లోటు ప్రకటించిన సంస్థను మెచ్చుకోవలసిందే. మన సర్కారు సంస్థలలో అది సులభమైన పని కాదని పాఠకులకు తెలియనిది కాదు.

పేరుకు బదులు సంఖ్య మిగిలిపోవడం లస్కర్లకే పరిమితం కాదు. మహాయుద్ధం ముగిసిన తరువాత మద్రాసు రాజధానిలోని పలు గ్రామాలలో చిన్న పాలరాతి ఫలకాలు పెట్టించారు. ఈ గ్రామం నుండి ఇంతమంది యుద్ధానికి వెళ్ళారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో రెండంకెలు ఉంటాయి. పేర్లుండవు. చదవడం వచ్చిన మనవనికి కూడా తాత ఆ అంకెలో ఉన్నాడో లేడో తెలియదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామం వంటివి అదృష్టవంతమైనవి. ఇంటింటా సైనికులుండడం చేత మిలిటరీ మాధవరంగా పేరుపొందిన ఆ ఊరు తన వారిని తానే గుర్తుంచుకొని, తన స్మారకం తానే నిలుపుకొన్నది.

ఈ సందర్భంలో మా మనసు పల్నాడు వైపు పోతున్నది. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. 12వ శతాబ్ది పల్నాటి యుద్ధంలో కూలినవారికి అక్కడ శిలలు నిలిపారు. ఏటా కార్తిక మాసంలో ఐదు రోజులు వారికి ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. వీరాచారం పాటించే కుటుంబాలవారు దూర గ్రామాల నుండి తమ పూర్వ వీరుని ఆయుధాన్ని మోసుకొని వస్తారు. బాలచంద్రుని సహచరులలో అన్ని కులాలవారూ ఉన్నారని, అందరూ ఒకే చాపపై కూడు తిన్నారని చెప్పుకొంటారు. మాల కన్నమదాసుకు అక్కడ దక్కే గౌరవం ఏ నాయకునికీ తీసిపోదు. రాజ్యాలు పోయి ఎనిమిది వందల ఏండ్లయినా పేరు పేరునా పిలుపు ఆగలేదు. దానికి ఏ ప్రభుత్వ ఉత్తరువూ అవసరం కాలేదు. వారసులు ఉంటే చాలింది.

లస్కర్లకు లోపించినది ఆ వారసత్వమేనని మాకు తోస్తున్నది. వారి స్వగ్రామాలలో హెచ్చుభాగం 1947 తరువాత తూర్పు పాకిస్తాను, 1971 తరువాత బంగ్లాదేశ్ అయినాయి. వారు ఏ సామ్రాజ్యం ఓడలపై మరణించారో అది లేదు. స్మారకమున్న నగరం భారతదేశంలో ఉన్నది. మూడు దేశాలకూ వారు కొంత కొంత చెందుతారు కనుక ఏ దేశమూ వారిని పూర్తిగా తనవారనుకోలేదు. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో వారికి స్థానం లేదు, సైనిక చరిత్రలోనూ లేదు. స్తంభం సైతం చాలా కాలం ఆలనా పాలనా లేక శిథిలమవుతూ ఉన్నది. 1994లో కలకత్తాలోని నౌకాదళాధికారి కొమడోర్ బి.కె. మొహంతి చొరవ తీసుకొని దానిని బాగుచేయించి దీపాలు పెట్టించారు. తమ దళానికి చెందని మృతులను నౌకాదళం సొంతం చేసుకొన్నది. ఈ ఒక్క పనికి వారికి నమస్కరించవలసి ఉన్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఇదే కథ మరింత పెద్దదిగా జరిగింది. 1940 సెప్టెంబరు 17 రాత్రి అట్లాంటిక్‌లో ‘సిటీ ఆఫ్ బెనారస్’ ఓడ మునిగింది. బాంబుల భయానికి కెనడా పంపుతున్న 90 మంది బ్రిటిష్ బాలబాలికలు అందులో ఉండగా 77 మంది చనిపోయారు. ప్రపంచం ఆ పిల్లల కోసం కన్నీరు పెట్టింది, న్యాయమే. ఆ ఓడ పనివారిలో నూరుమంది దాకా భారతీయ నావికులు కూడా ఆ చలి నీటిలో పోయారు. ఎనిమిది రోజులు కొట్టుకొనిపోయి బతికి బయటపడిన ఒక పడవలో ఆరుగురు బాలురతో కలసి ఉన్నవారిలో హెచ్చుమంది లస్కర్లే. మన ఇంటి ముంగిటికి వస్తే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. అదే రోజులలో జపాను యుద్ధనౌకలు, విమానాలు బంగాళాఖాతంలో ముంచిన వర్తక ఓడలు సుమారు ఇరవై. బాంబులను తలచుకొన్నంతగా ఆ ఓడలవారిని మనం తలచుకోము.

1943 డిసెంబరు 5న పట్టపగలు ఖిదిర్‌పూర్ రేవుపైనే జపాను విమానాలు దాడి చేశాయి. వందల సంఖ్యలో చనిపోయినవారిలో అధికులు రేవు కూలీలు. రేవు యుద్ధానికి పనిచేస్తున్నదని శత్రువుకు తెలిసింది కనుకనే బాంబు వేశాడు. అయినా ఆ బస్తా మోసినవాడు యుద్ధవీరుల గణనలోకి రాలేదు.

గణనలోకి రావడం గౌరవ విషయం మాత్రమే అయితే ఇంత దీర్ఘంగా వ్రాయనవసరం లేదు. దాని వెంట పింఛను వస్తుంది, వైద్యం వస్తుంది, పిల్లలకు కొలువు వస్తుంది. అమెరికాలో రెండవ యుద్ధపు వర్తక నావికులు తమను మాజీ సైనికులుగా గుర్తించమని దశాబ్దాల పాటు అడిగి, న్యాయస్థానానికి వెళ్ళి, 1988లో సాధించారు. అప్పటికి యుద్ధం ముగిసి 43 సంవత్సరాలు. బతికి ఉన్నవారికే అది అందింది. బ్రిటనులో 2000 సంవత్సరం నుండి సెప్టెంబరు 3ను వర్తక నావికుల దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో 1919లో ‘లాయల్టీ’ ఓడ బొంబాయి నుండి బయలుదేరిన ఏప్రిల్ 5ను జాతీయ నౌకాయాన దినంగా 1964 నుండి జరుపుకొంటున్నాము. అది ఓడకు సంబంధించిన పండుగ. మృతులకు సంబంధించినది కాదు.

మాజీ సైనికుల విషయమై మన వంటి ప్రభుత్వరంగ సంస్థలకు నియమాలున్న సంగతి సిబ్బంది విభాగంవారికి కంఠస్థమే. గ్రూపు సి కొలువులలో నూటికి 14.5, గ్రూపు డి కొలువులలో 24.5 వంతులు వారికి కేటాయింపు. ఇందులో 4.5 వంతులు వికలాంగులైన మాజీ సైనికులకు, యుద్ధంలో మరణించినవారి ఆశ్రితులకు ఉద్దేశించినవి. కాగితంపై ఉన్న ఈ అంకె భర్తీ కాకుండా మిగిలినప్పుడు అర్హులు దొరకలేదని వ్రాసి దస్త్రం మూసివేయడం తేలిక. వెతికితే దొరుకుతారని మా అనుభవం; మేము పైన చెప్పిన ఫోర్‌మన్ అట్లా వెతికి తెచ్చుకొన్నవారే. డిసెంబరు 7న పతాక దినం నాడు చొక్కాకు గుచ్చుకొనే చిన్న జెండాకు మనమిచ్చే రూపాయలు 1949 నుండి ఈ కుటుంబాలకే పోతున్నాయి. ఆ రోజు పెట్టె మన విభాగానికి వచ్చినప్పుడు చిల్లర కోసం తడుముకొనే అలవాటును కొంచెం సవరించుకోవచ్చు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమయింది. స్వాతంత్ర్యానంతరం అమరులైన దాదాపు 26 వేల మంది సైనికుల పేర్లు అక్కడి గ్రానైటు పలకలపై ఒక్కొక్కటిగా చెక్కారు. స్వతంత్ర దేశం తన వారిని అంకెలలో వదలకుండా పేర్లతో పిలవడం నేర్చుకొన్నది. సెలవులకు ఢిల్లీ వెళ్ళే మన కుటుంబాలవారు పిల్లలను అక్కడికి తీసుకొనిపోయి, తమ జిల్లావారి పేర్లేమైనా ఉన్నాయేమో వెతికించాలని కోరుతున్నాము.

కలకత్తా వచ్చినవారికి లస్కరు స్తంభం చేరడం కష్టమేమీ కాదు. చక్ర రైలులో ప్రిన్సెప్ ఘాట్ స్టేషనులో దిగి దక్షిణంగా కొంత నడిస్తే సరిపోతుంది. ఇక పేర్లు చదవాలనుకొనేవారికి మరొక చోటున్నది. రెండవ యుద్ధంలో సముద్రంలో కలిసిపోయిన భారతీయ నౌకాదళ, వర్తక నావికులు దాదాపు ఆరున్నర వేల మంది పేర్లను ఒక గ్రంథంగా వ్రాసి రెండు ప్రతులు చేశారు. ఒకటి బొంబాయిలో నావికుల వసతి గృహంలో ఉంచారు. రెండవది వారిలో ఎందరో ఏ తీరం నుండి బయలుదేరారో ఆ చిట్టగాంగ్‌లో, యుద్ధ సమాధుల తోటలో ఉన్నది.